ఏట్లో వేసి కోనేట్లో వెతుకులాట

మద్రాసులో నలభై ఏళ్లు కాపురం చేస్తే సామెతలు కూడా అరవంలోకి తిరుగుతాయి. మా అమ్మది సూళ్లూరుపేట. ఇంట్లో మాట్లాడేది అచ్చమైన నెల్లూరు తెలుగే. కానీ నేను ఏ కాయితమో ఒక చోట పెట్టి ఇంకో చోట వెతుకుతుంటే మాత్రం "ఆత్తుల పోట్టు కొళత్తుల తేడినట్టుంది నీ పని" అంటుంది. ఏట్లో వేసి కోనేట్లో వెతకడమన్నమాట.

ఆ మాట నాకు కాస్త గుచ్చుకుంటుంది. నాన్న ఆపరేషన్‌కి అమ్మ ఐదు సవర్ల గొలుసు కుదువ పెట్టాం. వడ్డీ కట్టే పని నాది. రెండు మూడు నెలలు కట్టాను. తర్వాత ఇల్లు మారాం, ఆ సామాన్లలో రసీదు ఎక్కడికి పోయిందో పోయింది, నేనూ పట్టించుకోలేదు. గుర్తొచ్చి పరిగెత్తేసరికి గొలుసు వేలంలో వెళ్లిపోయింది. నోటీసు పంపామన్నారు. పంపింది పాత ఇంటి అడ్రసుకి. అమ్మ ఏమీ అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బావుండేది.

అందుకే ఆ సామెత పుట్టిన ఊరు చూసొద్దామని నేను అన్నప్పుడు అమ్మ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "సరే, టికెట్లు తియ్యి" అంది. ఎగ్మోర్‌లో రాత్రి రైలెక్కి, తెల్లవారేసరికి తిరువారూర్‌లో దిగాం.

కథ సుందరమూర్తి నాయనారుది. నాయనారు అంటే తమిళనాట శివభక్తుడు. మేముండేది తిరువొత్తియూర్‌లో కాబట్టి ఆయన మాకు కొత్త కాదు. మా వీధి చివరి గుళ్లోనే సంగిలి అనే అమ్మాయిని పెళ్లాడాడు. నిన్ను విడిచి వెళ్లనని ఒట్టు పెట్టాలి కదా, దానికి ముందే శివుడితో బేరం పెట్టుకున్నాడు: నేను సన్నిధిలో ప్రమాణం చేసేటప్పుడు నువ్వు గర్భగుళ్లో ఉండకు, బయట పొగడచెట్టు కిందకి వెళ్లు అని. శివుడు సరేనన్నాడు, వెంటనే వెళ్లి ఆ సంగతి ఆ అమ్మాయికి కలలో చెప్పేశాడు. ఆమె పొగడచెట్టు కిందే ఒట్టు వేయమంది! ఆ ఒట్టు తప్పి ఊరు దాటిన పాపానికి సుందరుడి చూపు పోయింది. ఒక కన్ను కంచిలో, రెండోది తిరువారూర్‌లో తిరిగొచ్చాయి. దేవుడికి స్నేహితుడైనా లెక్క లెక్కే.

తిరువారూర్‌లో ఉండేది మొదటి భార్య పరవై. పంగుని ఉత్తరం పండగ దగ్గర పడింది, దానధర్మాలకి ఇంట్లో డబ్బు లేదు. సుందరుడు తిరుముదుకుండ్రం, అంటే ఇప్పటి వృద్ధాచలం వెళ్లి పాట పాడితే శివుడు పన్నెండు వేల బంగారు నాణేలు ఇచ్చాడు. ఇంత బంగారం దారిలో ఎలా మోసుకెళ్లను, అక్కడికే చేర్చమన్నాడు ఈయన. ఇక్కడ మణిముత్తారు నదిలో వేసెయ్, అక్కడ కమలాలయం కోనేట్లో తీసుకో అన్నాడు ఆయన. రెండూళ్ల మధ్య వంద కిలోమీటర్ల పైనే.

ఆ కమలాలయం గట్టు మీద నిలబడి ఈ కథ అమ్మకి చెబుతున్నాను. గుడికి పడమటి వైపున కోనేరు. కోనేరు అన్నానే గానీ మా కళ్లకి అది చెరువే. కోవెల ఐదు వేలి, కొలను ఐదు వేలి అని ఆ ఊళ్లో అంటారు. వేలి అంటే ఆరెకరాల పైచిలుకు. మధ్యలో చిన్న దీవి మీద నాగనాథస్వామి గుడి, చుట్టూ నాలుగు వైపులా మెట్లు. పొద్దున్నే ఎవరో బొరుగులు చల్లుతుంటే చేపలు మెట్ల దాకా వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అమ్మ కాళ్లు తడుపుకుని, నెత్తిన నీళ్లు చల్లుకుని, మూడో మెట్టు మీద కూర్చుంది.

ఈ కోనేరు పూడికపోతే దండి అడిగళ్ అనే నాయనారు తవ్వాడట. ఆయన పుట్టుగుడ్డి. గుంటలో ఒక గుంజ, గట్టు మీద ఒక గుంజ పాతి, మధ్య తాడు కట్టి, ఆ తాడు తడుముకుంటూ మట్టి మోశాడు. ఇంకో నాయనారు, నమినంది అడిగళ్, దీపాలకి నెయ్యి దొరక్క ఇవే నీళ్లు పోసి వెలిగించాడు. ఈ రెండూ విని అమ్మ చేతులు జోడించింది. కానీ ఆమె ధ్యాస బంగారం మీదే ఉంది.

"తర్వాత? దొరికిందా?"

దొరకలేదు, వెంటనే. సుందరుడు నీళ్లలో దిగి తడుముతుంటే పరవై గట్టు మీద నిలబడి నవ్వింది. ఏట్లో వేసి కోనేట్లో వెతుకుతున్నావా అంది. సామెత అక్కడిదే. ఆయన సిగ్గుతో పాట ఎత్తుకున్నాడు. పాడగా పాడగా బంగారం చేతికి తగిలింది. తీరా బయటికి తీసి చూస్తే వన్నె తక్కువ!

"తక్కువని ఎట్టా తెలిసింది?" అంది అమ్మ.

అసలు కథ అక్కడే ఉంది. ఏట్లో వేసేముందు సుందరుడు ఒక చిన్న ముక్క కోసి దగ్గర పెట్టుకున్నాడు. అరవంలో దాన్ని మచ్చం అంటారు. మనం నమూనాకి మచ్చు అంటామే, అదే. ఆ మచ్చుతో పోల్చి చూస్తే తేడా బయటపడింది. మళ్లీ పాడాడు, వన్నె సరిపోయింది. గీటు పెట్టి వన్నె తేల్చింది వినాయకుడంటారు. మాట్రురైత్త వినాయగర్ అని ఆ కోనేటి గట్టునే ఉన్నాడు. అమ్మని అక్కడికి తీసుకెళ్తే మూడు గుంజీళ్లు తీసి, "కంసాలి స్వామివన్నమాట" అంది.

ఆ తర్వాత గుడంతా తిరిగాం. రెండు గంటలు పట్టింది, అమ్మ మోకాళ్లకి అది చాలా ఎక్కువ. ఇక్కడి శివుడి పేరు త్యాగరాజస్వామి. ఆయనకి ముఖం మాత్రమే దర్శనం, మిగతాదంతా పూల వెనక. పాదాలు ఏడాదికి రెండు రోజులే చూపిస్తారు, మార్గళి తిరువాదిరకి ఒకటి, పంగుని ఉత్తరానికి ఒకటి. రథం షెడ్డులో ఉంది. కట్టి నిలబెడితే 96 అడుగులట. 1926లో పాత రథం కాలిపోతే మళ్లీ చేయించారు. అమ్మవారు కమలాంబ సన్నిధిలో అమ్మ చాలాసేపు ఉంది. తలచుకుంటే ముక్తి అనే అరుణాచలం శ్లోకం మనకందరికీ వచ్చుగానీ, అందులో "జననాత్ కమలాలయే" అన్న ముక్క దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. కమలాలయంలో, అంటే ఈ ఊళ్లో, పుడితే చాలు ముక్తి అని. 1762లో శ్యామశాస్త్రి, 1767లో త్యాగయ్య, 1775లో దీక్షితారు, పదమూడేళ్లలో ముగ్గురూ ఈ ఊళ్లోనే పుట్టారు. త్యాగయ్యకి పేరు ఈ స్వామిదే. ఈ అరవ ఊళ్లో తెలుగింట పుట్టి తెలుగులో పాడాడు. మా అమ్మకి అందులో వింతేమీ కనపడలేదు. "మనం మాట్లాడుకోవట్లా?" అంది.

సాయంత్రం రైలుకి టైముంది. మళ్లీ కోనేటి గట్టుకే వెళ్దామంది. ఎండ తగ్గింది, నీళ్ల మీద గాలి. అమ్మ కొంగు ముడి విప్పి ఏదో తీసింది. పసుపు పట్టిన గుడ్డపేలికలో చిన్న బంగారు కొక్కెం. గోరంత కూడా లేదు.

"ఏంటమ్మా అది?"

"గొలుసుదిరా. కుదువకి తీసుకుపోయే రోజు ఊడింది. సందడిలో పసుపు డబ్బాలో వేశా. తూకంలో తగ్గుద్ది, ఆ కొట్టువాడు అడుగుతాడేమోనని భయపడ్డా. అడగలా."

ఇన్నేళ్లూ నాకు చెప్పలేదు. ఏం అనాలో తోచక నీళ్లవైపు చూశాను.

అమ్మ ఒక మెట్టు కిందకి దిగి, ఆ కొక్కేన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని నీళ్లలో ముంచింది. ఓ చేప వచ్చి ముట్టి చూసి పోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. "అమ్మా, స్వామికని నీళ్లలో వదిలేస్తావా ఏంటి?"

"నాకేమన్నా పిచ్చా?" అంది. కొంగుతో తుడిచి, గుడ్డలో చుట్టి, మళ్లీ ముడేసుకుంది. "పద, రైలు టైమవుతోంది. టికెట్లు ఎక్కడ పెట్టావో ముందే చూసుకో."