నాలుగు గంటలదాకా కరకర నిలవని శనగలు

ఈ విడత కరకర నిలిచింది! ఉదయం తొమ్మిదికి డబ్బాలో పోసిన వేయించిన శనగలు సాయంత్రం నాలుగు దాటినా మెత్తబడలేదు. మూత తీసి ఒకటి నోట్లో వేసుకోగానే వచ్చిన ఆనందం రెండోది కొరికేదాకానే మిగిలింది. అవి ఇప్పుడు పళ్లకు లొంగడం లేదు. ఇన్నాళ్లూ నెమ్ముతో తగవు, ఇక గట్టిదనంతో.

పనివేళల్లో తినడానికి సిద్ధం చేసుకుంటున్న వాటిలో మిగతావన్నీ దాదాపు కుదిరిపోయాయి, కాబట్టి త్వరగా చెప్పేస్తాను. రాత్రి నానబెట్టే ఓట్స్‌కు 40 గ్రాముల ఓట్స్, 120 మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల గట్టి పెరుగు, ఇక మార్చను. కప్పులో మైక్రోవేవ్ గుడ్డు కూడా కుదిరింది, పచ్చసొనను బాగా గిలకొట్టాలి, లేకపోతే లోపల పేలుతుంది. కూస్‌కూస్‌కు (గోధుమ రవ్వతో చేసిన చిన్న పూసలు) సమాన కొలతలో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెడితే మధ్యాహ్న భోజనం తయారు. గట్టిగా ఉడికించిన గుడ్లు ఫ్రిజ్‌లో వారం నిలుస్తాయి. ఓట్స్‌లో క్వేకర్ వారివి, పేరులేని చవక రకం రెండూ వాడి చూశాను. రాత్రంతా నానిన తరువాత వాటి మధ్య తేడా కనిపెట్టగలనని ఎవరైనా అంటే నేను నమ్మను.

శనగల దగ్గరే ముడి పడింది. వదిలేయలేకపోవడానికి కారణం ఉంది. 40 గ్రాముల వేయించిన కాబూలీ శనగల్లో, నేను వేసే నూనెతో కలిపి, సుమారు 165 కేలరీలు, 8 గ్రాముల ప్రోటీన్, 7 గ్రాములకు కొంచెం తక్కువగా పీచు ఉంటాయి. అంతే బరువున్న బంగాళాదుంప చిప్స్‌లో 210కి పైగా కేలరీలు, 3 గ్రాములలోపు ప్రోటీన్. నాలుగు గంటలకు ఆకలి వేసినప్పుడు చేయి చిప్స్ వైపు పోకుండా ఆపాలంటే ఎదురుగా ఉన్నది కరకరలాడాలి. మెత్తబడిన శనగ ఎంత ఆరోగ్యకరమైనదైనా చిప్స్ ముందు నిలవదు.

పాత పద్ధతిలో జరిగేది ఇది. 180 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే 400 గ్రాములు అయ్యేవి. తడి తుడిచి, 10 గ్రాముల నూనె పట్టించి, 200 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. ఓవెన్ చూపించే అంకెను నేను నమ్మను. మీట 200 మీద ఉంటే లోపల పెట్టిన థర్మామీటరు 185 దాటడం లేదు కాబట్టి మీట 215 మీద పెడతాను. బయటకు తీసినప్పుడు చక్కని బంగారు రంగు, చేత్తో కదిపితే గలగల శబ్దం, నోట్లో పటపట. వేడివేడిగా డబ్బాలో పోసేదాన్ని కూడా కాదు, రాత్రంతా ట్రేలోనే వదిలి ఉదయం పోసిన రోజులూ ఉన్నాయి. అయినా మధ్యాహ్నానికి సాగడం మొదలు, నాలుగు గంటలకు తోలు.

మొదట అనుమానం డబ్బా మీదే. మామూలు మూత డబ్బా, నాలుగు పక్కలా బిగించే లాక్ అండ్ లాక్ డబ్బా, రబ్బరు చుట్టు ఉన్న గాజు సీసా, మూడింటిలో ఒకే వాయి పంచి పెట్టాను. అన్నింటికన్నా త్వరగా మెత్తబడింది గట్టిగా బిగిసే డబ్బాలోవే. మూత వదులుగా ఉన్న డబ్బాలోవి కాస్త మెరుగు. బయటి గాలి తప్పు చేస్తుంటే ఫలితం తలకిందులుగా ఉండాలి. అంటే తేమ బయట నుంచి రావడం లేదు, శనగ లోపలే దాక్కుని ఉంది. పైపొర ఎండి కరకరలాడుతుంది, నడిమధ్య పప్పులో నీరు మిగిలిపోతుంది, గంటలు గడిచేకొద్దీ అది పొట్టువైపు పాకుతుంది. మూత బిగించి ఉంటే బయటికి పోయే దారి కూడా ఉండదు.

ఇది నిజమో కాదో తేల్చడానికి కాటా చాలు. ఉడికిన శనగల్లో దాదాపు 60 శాతం నీరు. అంటే 400 గ్రాములలో గింజ సారం 160 గ్రాములు, నూనె 10 కలిపితే 170. ఆ 170 ఎటూ పోదు, దాని పైన కాటా చూపించేదంతా నీరే. పాత పద్ధతిలో 40 నిమిషాల తరువాత వాయి బరువు 221 గ్రాములు. అంటే 51 గ్రాముల నీరు ఇంకా లోపలే ఉంది, బరువులో 23 శాతం! పైకి బంగారు రంగు చూపించి లోపల ఇంత నీరు దాచుకున్న గింజ నాలుగు గంటలదాకా కరకరలాడుతుందని ఎందుకు ఆశించాలి? రంగు చూసి, నిమిషాలు లెక్కపెట్టి ఓవెన్ ఆపమనే వంటకాల మీద నాకు ఆ రోజే గౌరవం పోయింది. శనగ పరిమాణం, ఉడికిన తీరు, ట్రేలో ఎంత కిక్కిరిసి ఉన్నాయి అన్నదాన్ని బట్టి నిమిషాలు మారిపోతాయి. బరువు మారదు.

తరువాత చిన్న తేమ మీటరు డబ్బాలో పడేశాను. మూసిన డబ్బాలో గాలి తేమ కొన్ని గంటలకు తిండిలోని తేమతో సరితూగుతుంది, ఆ శాతాన్ని వందతో భాగిస్తే వచ్చేదే ఆహార శాస్త్రంలో నీటి చురుకుదనం అనే కొలత. కరకరలాడే తిళ్లు సాధారణంగా 0.4, 0.5 మధ్య ఆ గుణం పోగొట్టుకుంటాయి. చవక మీటర్లు అయిదు శాతం అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి ముందు సరిచూసుకోవాలి. ఒక మూతలో ఉప్పు వేసి ముద్దలా తడిసేన్ని నీటి చుక్కలు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచితే, 25 డిగ్రీల దగ్గర అది 75 చూపించాలి. నాది 79 చూపించింది. కింద రాసిన అంకెలన్నీ నాలుగు తగ్గించి రాసినవే.

221 గ్రాముల వాయి: తొమ్మిదికి 41, పన్నెండుకు 63, నాలుగుకు 76. నా నాలుక చెప్పిన సమయాలూ ఇవే. అనుమానం తీరిపోయింది.

మధ్యలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల మీద కొంత కాలం పోయింది, తిండి డబ్బాలకు పనికివచ్చేవి కొని మరీ వేశాను. మొదటి గంట మీటరు కాస్త దిగుతుంది, తరువాత మామూలే. లెక్క వేస్తే నవ్వు వచ్చింది. డబ్బాలో నేను పోసేది 60 గ్రాములు, అందులో నీరు 13 గ్రాములకు పైనే. 5 గ్రాముల పొట్లం ఎంత కష్టపడినా రెండు గ్రాములకు మించి పీల్చదు. చెంబుతో చెరువు తోడినట్టే. బాగా ఎండిన తిండిని అలాగే కాపాడటానికి పొట్లం పనికివస్తుంది కానీ తడి తిండిని ఆరబెట్టడం దాని పని కాదు.

మసాలాను కూడా బోనులో నిలబెట్టాను. ఉప్పు తేమ లాగుతుందని అందరూ అంటారు, కానీ శుద్ధమైన ఉప్పు చుట్టూ గాలి తేమ 75 శాతం దాటితేనే కరగడం మొదలుపెడుతుంది. ఒకే వాయిలో సగం ఉత్తవి, సగం ఉప్పు, మిరప పొడి, వెల్లుల్లి పొడి పట్టించినవి వేరు డబ్బాల్లో పెడితే తేడా రెండు అంకెలు, అది మీటరు తడబాటులోనే పోతుంది. మసాలా నిర్దోషి. తేనె మాత్రం కాదు. తేనె పూసిన రకం మధ్యాహ్నానికే వేళ్లకు అంటుకుంది, అందులోని ఫ్రక్టోజ్ ఉప్పు కన్నా చాలా తక్కువ తేమకే కరిగిపోతుంది. తీపి రకం ఇక వండను.

సోడా మీద నా అభిప్రాయం మారింది. నానబెట్టే నీటిలో పావు చెంచా వంట సోడా వేస్తే పొట్టు పగులుతుంది, కొన్ని ఊడిపోతాయి, ఆ పగుళ్ల గుండా నీరు తొందరగా పోతుంది. ఓవెన్‌లో 25 నిమిషాల తరువాత సోడా వేసిన వాయి 248 గ్రాములు, వేయనిది 262. ఇంతకు ముందు ఇది ఛాదస్తం అనుకునేదాన్ని. అయితే పావు చెంచా దాటితే సబ్బు రుచి వస్తుంది, నానిన నీళ్లు పారబోసి కడగడం తప్పనిసరి. ఇక పొట్టు ఒక్కొక్కటిగా చేత్తో తీసే పద్ధతి ఉంది చూడండి, అది పనివారంలో బతికే మనిషి రాసినది కాదు.

ఎయిర్ ఫ్రయర్ కూడా వాడి చూశాను. 150 గ్రాములు ఒక్క వరుసలో పరిస్తే ఓవెన్‌ను మించిపోతుంది, ఇంకొక గుప్పెడు ఎక్కువ వేస్తే మధ్యవి ఉడికిపోతాయి. ఊడిన పొట్టు గాలికి లేచి వేడి చేసే తీగచుట్టకు అతుక్కుని మాడు వాసన వేస్తుంది. వారానికి సరిపడా చేయాలంటే మూడు వాయిలు, మధ్యలో బుట్ట ఊపడాలు. ఓవెన్‌ను ఒకసారి పెట్టి నా పని నేను చేసుకుంటాను.

అలా రెండు దశల పద్ధతికి వచ్చాను. 200 దగ్గర 25 నిమిషాలు, ఆ తరువాత 130కి దించి రంగు ముదరకుండా నీటిని తరిమేయడం, ఆఖరున తలుపు కొంచెం తెరిచి ఓవెన్‌లోనే చల్లార్చడం. రెండో దశ గంట ఉంచిన వాయి 186 గ్రాములకు దిగింది. నీరు ఎనిమిదిన్నర శాతం. మీటరు ఉదయం 43, నాలుగుకు 46. మధ్యాహ్నందాకా బాగుంది, సాయంత్రానికి మెత్తబడలేదు కానీ పటపట పోయి నములుడు వచ్చింది. కరకర పోయే ఆ 0.4, 0.5 గీత మీదే ఉంది కదా, ఆశ్చర్యం లేదు.

ఈ విడత అందుకే రెండో దశను 95 నిమిషాలకు పెంచాను. 179 గ్రాములు, 5 శాతం నీరు, మీటరు రోజంతా 24, 27 మధ్యే. కరకరకు కరకరే, కానీ శనగ కాదు గులకరాయి. మాట్లాడే మీటింగ్‌లో మైకు మూసి ఉందని చూసుకోకుండా ఒకటి కొరికితే అవతలివాళ్లు ఏదో విరిగిందని అనుకుంటారు. వెనక దంతాలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఇవి పెట్టను.

గట్టిదనం ఎందుకు? నా ఊహ ఇది. 130 దగ్గర నిదానంగా ఎండుతున్నప్పుడు పప్పులోని ఉడికిన పిండిపదార్థం ఖాళీలు మిగల్చకుండా లోపలికి ముడుచుకుపోయి, చివరకు గాజులా బిగుస్తోంది. 221 గ్రాముల వాయిలో గింజలు కొలతకు 10 మిల్లీమీటర్లు, ఈ వాయిలో 8 ఉన్నాయి. కొరికితే చిట్లడానికి లోపల గాలి గదులు కావాలి. ఆ గదులు పడాలంటే ఆవిరి వేగంగా బయటకు తన్నుకు రావాలి, లేదా ముందే కణాల గోడలు తెగి ఉండాలి. వేడి పెంచితే ఆవిరి సంగతి సరే కానీ పొట్టు మాడి చేదు వస్తుంది. కాబట్టి రెండో దారి.

ఉడికిన శనగలను ఆరబెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, గడ్డకట్టినవాటిని కరగబెట్టి అప్పుడు వేయించాలని ఉంది. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కణాల గోడలను చీల్చేస్తాయి, ఫ్రీజర్‌లో పెట్టిన పండు కరిగాక నీరు కారి మెత్తబడేది అందుకే. పండులో అది నష్టం, ఇక్కడ అదే కావాలి. ఒకే కుక్కరు శనగలను రెండు భాగాలు చేసి, ఒకటి ఫ్రీజర్ మీదుగా, ఒకటి నేరుగా, ఒకే ట్రేలో మధ్య గీత పెట్టి వేయిస్తాను. రెండూ 182 గ్రాముల లెక్కకు దించాలి. అంటే ఒక్కో సగం 91. మీటరు 35 చుట్టూ ఆగుతుందని అంచనా.

దానితో పాటు ఉడికించడం కూడా మార్చాలి. ఇప్పుడు గింజ విడివిడిగా నిలిచేలా ఆపుతున్నాను, వేళ్ల మధ్య నొక్కితే పూర్తిగా నలిగిపోయేదాకా ఉడికిస్తే లోపల గుల్ల పడవచ్చు. ఈ రెండు మార్పులూ ఒకేసారి చేయను, ఏది పని చేసిందో తెలియకుండా పోతుంది. ముందు ఫ్రీజర్.

ఈలోగా గులకరాళ్లు పారేయడం లేదు. ఓట్స్, పల్లీలతో పాటు మిక్సీలో పలుకుగా తిప్పితే పెరుగు మీద చల్లుకోవడానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. పచ్చి బఠాణీ, సోయా గింజలు కూడా ఇదే కాటా లెక్కతో వేయించవచ్చు, సోయాలో నూనె ఎక్కువ, పిండిపదార్థం తక్కువ కాబట్టి ఇలా గాజులా బిగుసుకోదని నా అనుమానం. ఫ్రీజర్‌లో ఒక అర ఖాళీ చేసి, శనగలు నానబోశాను. సోడా పావు చెంచానే.