పటం గీసి భాగాలు గుర్తించుము

జల్‌గావ్ స్టేషన్లో దిగాక తెలిసింది, అమ్మ తన స్కెచ్‌బుక్కు తీసుకురాలేదని. వారం ముందే మందపాటి కాగితం చూసి మరీ ఏరికోరి కొన్న పుస్తకం అది. అజంతాలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని బొమ్మలు వేసుకుంటామని నేను ఎన్ని ఊహించుకున్నానో! "మరచిపోయావా?" అని అడిగితే, "లేదు, వదిలేసి వచ్చాను. నాకు బొమ్మలు వేయడం రాదు కదా" అంది తాపీగా.

ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన మనిషి అన్న మాట ఇది. మందార పువ్వు నిలువుకోత, కప్ప జీర్ణవ్యవస్థ, గుండెలోని నాలుగు గదులు, అన్నీ చాక్‌పీసుతో ఒక్క ఊపులో గీసేది. అది కూడా సగం సేపు బల్ల వైపు కాకుండా వెనక బెంచీల వైపు చూస్తూ. ఆమె లెక్కలో అవి బొమ్మలు కావు, పటాలు. బొమ్మలు వేయడానికి వేరే మనుషులుంటారు. నాలాగా, ఏడాదిగా ఆదివారాలు బొమ్మల క్లాసుకు వెళ్లేవాళ్లు.

జల్‌గావ్ నుంచి అజంతా అరవై కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రానికి గుహలకు దగ్గర్లో బసకు చేరాం. సోమవారం గుహలు మూసి ఉంటాయన్న విషయం అక్కడికి వెళ్లాక గాని నాకు గుర్తు రాలేదు. తప్పు పూర్తిగా నాదే. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అంతకంటే ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఆ ఖాళీ సోమవారం నేను గురువు అవతారం ఎత్తాను. బల్ల మీద నీళ్ల జగ్గు పెట్టి, నా పుస్తకంలోంచి ఒక పేజీ ఇచ్చి, "నీడ ఎటు పడుతోందో చూడమ్మా, గీత తేలిగ్గా లాగు, చెయ్యి మొత్తం కదలాలి" అంటూ క్లాసులో నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. పావుగంట తర్వాత చూస్తే జగ్గు ఉంది, నీడ లేదు. జగ్గు లోపల నీటి మట్టం చుక్కల గీతతో ఉంది. పక్కన బాణం గుర్తులు, వాటి చివర పిడి, మూతి, అడుగు అని రాసి ఉంది. నవ్వాపుకోలేకపోయాను. ఆమె పెన్సిల్ పక్కన పెట్టేసింది. అలా నవ్వకుండా ఉండాల్సింది.

రాత్రి ఆమెను మళ్లీ మాటల్లోకి దించడానికి అజంతా బొమ్మలకు నకళ్లు వేసినవాళ్ల కథ ఎత్తుకున్నాను. 1844లో రాబర్ట్ గిల్ అనే సైనికాధికారిని ఈ పనికి నియమించారు. ఆయన ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి వేసి పంపిన చిత్రాల్లో చాలావరకు 1866లో లండన్ దగ్గరి క్రిస్టల్ ప్యాలెస్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తర్వాత బొంబాయి చిత్రకళాశాల నుంచి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో వచ్చి 1872 నుంచి 1885 దాకా మళ్లీ వేశాడు. వాటిలోనూ చాలా లండన్‌లోనే మంటల్లో పోయాయి.

"తర్వాత?"

"1909లో క్రిస్టియానా హెరింగమ్ అనే ఆవిడ వచ్చింది. నందలాల్ బోస్ లాంటి కుర్రవాళ్లు ఆమెకు తోడు వచ్చారు. మళ్లీ వేశారు."

అమ్మ కాసేపు ఆలోచించి, "ఏటా కప్పను గీసినట్టే" అంది. బడిలో నల్లబల్ల మీద గీసిన పటం ఆ పీరియడ్ వరకే. గంట కొట్టగానే లెక్కల మాస్టారు వచ్చి డస్టర్‌తో తుడిచేస్తాడు.

మంగళవారం పొద్దున్నే బయలుదేరాం. సొంత వాహనాలను నాలుగు కిలోమీటర్ల ముందే ఆపేస్తారు, అక్కడి నుంచి బస్సులో వెళ్లాలి. వాఘోరా వాగు గుర్రపునాడాలా వంపు తిరిగే చోట కొండను తొలిచి ముప్పై దాకా గుహలు చేశారు. గుహల వర్ణన చాలామంది రాశారు కాబట్టి నేను నేరుగా మొదటి గుహలోకి వెళ్తాను.

చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే మొదట చీకటి తప్ప ఏమీ లేదు. కళ్లు అలవాటు పడేసరికి గోడలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నీలి తామర పట్టుకుని కళ్లు దించుకున్న పద్మపాణి బోధిసత్వుడి చిత్రం ముందు నేను నిలబడిపోయాను. అమ్మ మాత్రం తల పైకెత్తి తిరుగుతోంది. పైకప్పు నిండా చదరపు గళ్లు, గడికొక తామరో పండో హంసో. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. తర్వాత ఒక స్తంభం దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుని లాగింది.

స్తంభం పైభాగంలో చెక్కిన లేళ్లు. నాలుగు దేహాలు, అన్నింటికీ కలిపి ఒకే తల. ఏ దేహం వైపు నుంచి చూసినా ఆ తల దానిదే అనిపిస్తుంది.

"దీన్ని గీయాలి" అంది అమ్మ. తనంతట తాను.

లోపల వెలుగు చాలదు, వెనక జనం తోసుకొస్తున్నారు. చూసి గుర్తు పెట్టుకుని బయట నీడలో కూర్చుని గీద్దామన్నాను. ఉన్నది ఒకే పుస్తకం కనుక ఎడమ పేజీ ఆమెది, కుడి పేజీ నాది. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ పది నిమిషాలు గీశాం. నా బొమ్మలో లేడి మూతి చక్కగా కుదిరింది, నీడలు కూడా పడ్డాయి. అమ్మ తొంగి చూసి, "దేహాలు మూడేనా?" అంది.

లెక్కపెట్టాను. మూడే. నాలుగోదానికి చోటే మిగల్లేదు.

"నీదాంట్లో నాలుగున్నాయి గాని, ఆ మెడ అలా రాదమ్మా."

"ఎందుకు రాదే? మెడ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా చూశావా నువ్వు?"

చూడలేదు. ఇద్దరం మళ్లీ చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. ఆమె చెప్పింది సగం ఒప్పు, నేను చెప్పింది సగం ఒప్పు. బయటికి వచ్చి దిద్దుకున్నాం. దిద్దాక కాళ్ల దగ్గర మరో తగువు. మళ్లీ లోపలికి. మూడోసారి మమ్మల్ని చూసి గుమ్మం దగ్గరి కాపలాదారు నవ్వేశాడు. అమ్మ ఆయనకు తన పటం చూపించి, తెలుగులోనే, నాలుగు వేళ్లూ ఆ తర్వాత ఒక వేలూ ఎత్తి, విషయమంతా వివరించింది. ఆయనకు అర్థమైందనే నా నమ్మకం.

ఆ తర్వాత ఆమెను ఆపడం నా వల్ల కాలేదు. రంగు రాలిపోయిన ఒక చోట గోడ పొరలు బయటపడి కనిపిస్తే అక్కడే నిలబడిపోయింది. నాకు తెలిసింది చెప్పాను: రాతి మీద ముందు మట్టి మెత్తుతారు, అందులో ఊక, నార కలుపుతారు. దాని మీద ఇంకా నునుపైన పొర, ఆపైన సున్నం పూత. అది ఆరాక ఎర్రమట్టితో రూపురేఖలు గీసుకుని రంగులు నింపుతారు. బయటికి రాగానే గోడకు అడ్డుకోత గీసింది. అయిదు పొరలు, అయిదు బాణాలు. నా ఏడాది క్లాసుల్లో ఒక గోడను లోపలి నుంచి చూడవచ్చని ఎవరూ చెప్పలేదు.

పదో గుహలో జాన్ స్మిత్ అనే అధికారి 1819 ఏప్రిల్ 28న స్తంభం మీది బొమ్మపై గీకిన తన పేరు ఉంది. వేటకు వచ్చి ఈ గుహలను చూశాడట. అప్పట్లో నేల మీద పేరుకున్న మట్టి మీద నిలబడి గీకాడు కాబట్టి ఆ రాత ఇప్పుడు మన తలకంటే ఎత్తులో ఉంటుంది. బెంచీల మీద పేర్లు చెక్కే పిల్లలకు పడే అక్షింతలే ఆయనకూ పడ్డాయి. రెండు వందల ఏళ్లు ఆలస్యంగా.

తిరుగు రైల్లో నేను నిద్రపోతుంటే పెన్సిల్ గరగర వినిపించింది. కళ్లు తెరవబోయాను. "కదలకు, చెవి దగ్గర ఉన్నాను" అంది అమ్మ. కదలకుండా పడుకున్నాను. చాలాసేపటి తర్వాత చూస్తే కుడి పేజీలో, అంటే నా పేజీలో, నా మొహం సగం ఉంది. చెవి మాత్రం పూర్తిగా ఉంది. మడతలన్నీ సరిగ్గా వచ్చాయి. బాణాలు లేవు. "భాగాలు గుర్తించలేదే?" అని అడిగాను.

"అన్నీ తెలిసినవేగా" అని పేజీ తిప్పింది.

ఇంట్లో వదిలేసిన కొత్త పుస్తకం నాకు ఇచ్చేసింది. నా పుస్తకం ఆమె దగ్గరే ఉంది. రెండుసార్లు అడిగాను, ఇంకా పేజీలు మిగిలాయంటోంది.