నల్లగొండ నుంచి మన్ననూరుకు: పాత జీపుకు డీజిల్ ఇంజన్ వెతుకుతూ

మా ఇంటి జీపు 1969లో రిజిస్ట్రేషన్ అయినది. మహీంద్రా వారు అమెరికా జీపు కంపెనీ విల్లీస్ లైసెన్సుతో ఇక్కడ తయారు చేసిన సీజే-3బీ రకం. దాని బానెట్ మిగతా జీపుల కంటే ఎత్తుగా ఉంటుంది. అందం కోసం కాదు, లోపల ఉన్న హరికేన్ పెట్రోల్ ఇంజన్ ఎత్తు అటువంటిది. 2199 సీసీ, నాలుగు సిలిండర్లు, ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లోనూ ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనూ ఉండే పాత కాలపు అమరిక. మా నాన్న దాన్ని ఒక ప్రభుత్వ శాఖ వేలంలో కొన్నారు. అప్పటి నుంచి రెండుసార్లు బోరు చేయించాం, అంటే అరిగిన సిలిండర్ల లోపలి గోడలను చెక్కించాం. ఇప్పుడు మూడోసారి పొగ మొదలైంది, లీటరుకు ఏడు కిలోమీటర్లు రావడమే గగనమైంది. డీజిల్ ఇంజన్ ఎక్కించుకొమ్మని నల్లగొండలో సలహా ఇవ్వని మెకానిక్ లేడు. అయితే ముగ్గురు మెకానిక్‌లు మూడు వేర్వేరు ఇంజన్ల పేర్లు చెప్పారు, ముగ్గురూ తాము చెప్పినదే సరైనదని నొక్కి చెప్పారు.

కాబట్టి షెడ్డులో కూర్చుని వాదించడం మానేసి, ఆ మూడు ఇంజన్లు ఎక్కించిన జీపులను స్వయంగా నడిపి చూసి వద్దామని నేనూ మా బామ్మర్దీ మార్చి నెలలో ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. వాడు బోరుబావుల రిగ్గుల మీద పదేళ్లు పని చేసినవాడు, డీజిల్ ఇంజన్ శబ్దం విని దాని జబ్బు చెప్పగలడు. వెళ్లింది మా పెట్రోల్ జీపులోనే. లతీఫ్ సాహెబ్ గుట్ట వెనకబడేసరికి వెలుతురు వచ్చింది. కనగల్లు, కొండమల్లేపల్లి దాటి దేవరకొండ చేరేలోపు దాహం తీరని ఆ ఇంజన్ కోసం ఒకసారి పెట్రోల్ బంకులో ఆగవలసి వచ్చింది.

మొదటి జీపు దేవరకొండ పొలిమేరలో ఒక పత్తి రైతు దగ్గర ఉంది. అందులో ఇంటర్నేషనల్ ఇంజన్, అంటే బీ-275 ట్రాక్టర్ వంశం నుంచి వచ్చిన 2350 సీసీ డీజిల్, కూర్చుంది. పెట్రోల్ ధర భరించలేని రోజుల్లో ఇలాంటి మార్పిడి మన పల్లెల్లో సర్వసాధారణం, ఎందుకంటే ఆ ఇంజన్‌కు సామాను దొరకని మండల కేంద్రం ఉండేది కాదు. ఆయన క్లచ్ వదిలితే చాలు, యాక్సిలరేటర్ తొక్కకుండానే బండి నల్లరేగడి చాళ్లలోంచి ఎద్దులా నడిచి వెళ్లింది. చాళ్లు దాటి తారురోడ్డు ఎక్కగానే మాత్రం దాని స్వభావం బయటపడింది. స్టీరింగు, సీట్లు, విండ్‌షీల్డు అన్నీ కలిసి వణికాయి. ముందు స్ప్రింగు పట్టీలు ఇంజన్ బరువుకు వంగి ఉన్నాయని మా బామ్మర్ది కిందికి వంగి చూసి చెప్పాడు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఈ ప్రయాణం మొత్తాన్ని నడిపించింది ఆ లెక్కే. మా జీపు డిఫరెన్షియల్ నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే దాన్ని తిప్పే షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. టైర్లు 6.00-16 సైజువి. టాప్ గేర్‌లో గంటకు 60 కిలోమీటర్ల వేగానికి ఇంజన్ నిమిషానికి దాదాపు 2450 చుట్లు తిరగాలి. ఆ పెట్రోల్ ఇంజన్ 4000 చుట్ల దాకా వెళ్లగలదు కనుక దానికి ఇది శ్రమ కాదు. ట్రాక్టర్ కోసం పుట్టిన ఇంజన్‌కు మాత్రం అది ఊపిరాడని పరుగు. ఆ రైతు 45 దాటించడు. ‘ఉరకడానికి కాదు సార్ ఇది, గుంజడానికి’ అని ఆయనే అన్నాడు. ఆయనకు పొలం, మండీ తప్ప వేరే దారి లేదు కనుక ఆయన ఎంపికలో తప్పేమీ లేదు. నేను మాత్రం ఏడాదికి రెండుసార్లయినా నల్లమల దాకా వెళ్లివచ్చే మనిషిని.

డిండి ప్రాజెక్టు దగ్గర ఆగి, నీళ్లు తగ్గి అంచుల్లో బురద బయటపడిన చెరువును చూస్తూ తెచ్చుకున్న సద్ది తిన్నాం. అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు ఎక్కి, హాజీపూర్ దగ్గర మలుపు తిరిగి సాయంత్రానికి అచ్చంపేట చేరాం.

అచ్చంపేటలో ఒక షెడ్డు గురించి చాలా కాలంగా వింటున్నాను. ఆ మేస్త్రి వయసు డెబ్బై దగ్గర ఉంటుంది. తండాలకూ చెంచుల పెంటలకూ బస్సులు లేని కాలంలో సర్వీసు జీపులు నడిపిన ఈ ప్రాంతంలో, ఆ జీపులకు ఇంజన్లు మార్చి మార్చి చేతులు నల్లబడ్డ మనిషి. ఆయన షెడ్డులో స్టాండు మీద మేం వెతుకుతున్న రెండోది, ఫ్రెంచి కంపెనీ ప్యూజో వారి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్ ఉంది. పేరులోని 4.90 అంటే నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు. 2112 సీసీ, 62 హార్స్‌పవర్. మహీంద్రా వారే ఎంఎం-540 వంటి తమ జీపుల్లో దీన్ని వాడారు కాబట్టి, జీపు గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలిపే బెల్ హౌసింగ్, క్లచ్, మౌంటింగులు ఎవరో ఒకరు చెక్కి తయారు చేసినవి కాకుండా కంపెనీవే దొరుకుతాయి. ఇంజన్ మార్పిడిలో సగం ప్రమాదం ఈ అతుకుల దగ్గరే ఉంటుంది. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య వెంట్రుకవాసి వంకరగా కూర్చున్న అడాప్టర్ ప్లేటు గేర్‌బాక్స్ ముందు బేరింగును నెల తిరగకుండా తినేస్తుంది. మా గేర్‌బాక్స్ టీ-90, మూడు గేర్లది. ఒక గేరుకూ ఇంకో గేరుకూ నిష్పత్తుల తేడా ఎక్కువ కనుక ఇంజన్‌కు చుట్లు వాడుకునే వెసులుబాటు ఉండాలి. ప్యూజో 4500 చుట్ల దాకా మెత్తగా వెళ్తుంది.

మేస్త్రి ఇంజన్ లోపాలూ దాచలేదు. హెడ్‌లో చిన్న గది కట్టి అందులో డీజిల్ కాల్చే పద్ధతి ఇది. ఆ గది గోడలు వేడిని లాగేసుకుంటాయి కనుక చలికాలం ఉదయం హీటర్ ప్లగ్గులు ఎర్రబడేదాకా ఆగక తప్పదు, మైలేజీ కూడా నేరుగా పిస్టన్ మీదే డీజిల్ చిమ్మే ఇంజన్‌కు వచ్చినంత రాదు. నీళ్లు తగ్గి వేడెక్కితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఇంకా కొంచెం నిర్లక్ష్యం చేస్తే హెడ్ పగులుతుంది. పిస్టన్లు ఆడే సిలిండర్ల గొట్టాలు, అంటే స్లీవులు, నీళ్లలో నిలబడి ఉండేవి కనుక అరిగితే బ్లాకును మళ్లీ బోరు చేయకుండా స్లీవులే మార్చుకోవచ్చని మాత్రం ఆయన గర్వంగా చెప్పాడు. ‘రేడియేటర్ మంచిగ పెట్టుకో, మిగతదంత నేను జూసుకుంట’ అన్నాడు. నేను టేపు తీసి మా జీపులో ఇంజన్‌కూ సీట్లకూ మధ్య ఉండే రేకు, ఫైర్‌వాల్ నుంచి రేడియేటర్ దాకా కొలిచాను. మన జీపు బానెట్ ఎత్తుగా ఉండడం వల్ల పైన చోటుకు కొదవ లేదు, ఇబ్బంది నిలువులో కాదు, పొడుగులో. రేడియేటర్‌ను రెండు అంగుళాలు ముందుకు జరపాలని తేలింది.

అదే షెడ్డులో అప్పటికే ప్యూజో ఎక్కించిన ఒక జీపును నడిపించాడు. నాకు నచ్చింది. ఇంజన్ ఆపాలంటే తాళం తిప్పితే చాలదు, డీజిల్ ఆపే నాబ్ లాగాలి. ఆ సంగతి తెలియక నేను తాళం చేతిలో పట్టుకుని అయోమయంగా చూస్తుంటే పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు.

రాత్రి లాడ్జిలో పడుకుని, ఆదివారం పొద్దెక్కాక మన్ననూరు వైపు కొండ ఎక్కడం మొదలుపెట్టాం. సగం ఎక్కామో లేదో బండి దగ్గి, ఆగిపోయింది. ఎండ, ఎత్తు, రెండో గేర్‌లో అరగంట పోరాటం, ఎగ్జాస్ట్ పక్కగా వెళ్లే పెట్రోల్ పైపు వేడెక్కి లోపల పెట్రోల్ ఆవిరైంది. పంపు ఆవిరిని తోయలేదు. తడిగుడ్డ చుట్టి చల్లబడేదాకా కూర్చోవడం తప్ప మందు లేదు. మోదుగుపూలు రాలిన ఆ మలుపులో మేం కూర్చుని ఉండగా, మన్ననూరు నుంచి దిగివస్తున్న ఒక పాత జీపు ఆగింది. దాని కింద దడదడ శబ్దం విని బామ్మర్ది లేచి నిలబడ్డాడు. ‘బావా, ఇది డీఐ’ అన్నాడు. మేం వెతుకుతున్న మూడోది తనంతట తానే మా దగ్గరికి వచ్చింది.

డీఐ అంటే డైరెక్ట్ ఇంజెక్షన్, నేరుగా పిస్టన్ మీద డీజిల్ చిమ్మే రకం. అది మహీంద్రా 2523 సీసీ ఇంజన్, కమాండర్లలోనూ బొలెరోల్లోనూ వచ్చినది. దాని స్ట్రోకు 101.6 మిల్లీమీటర్లు, సరిగ్గా ఆ పాత ఇంటర్నేషనల్ ఇంజన్‌దే. అంటే దేవరకొండ రైతు దగ్గర చూసిన ట్రాక్టర్ రక్తం దీనిలోనూ ఉందన్నమాట. హీటర్ అక్కర లేకుండా పట్టుకుంటుంది. లీటరుకు పదమూడు దాకా వస్తుందని యజమాని చెప్పాడు. ఆయన బండిని మలుపు పైదాకా నాతో నడిపించాడు. ఎత్తు ఎక్కడం అంటే దానికి లెక్కే లేదు. అయితే ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు: మొదట పాత టీ-90 గేర్‌బాక్స్‌తోనే ఎక్కిస్తే ఏడాది తిరగకముందే దాని పళ్లు ఊడాయి. సిలిండర్‌లో గాలిని నొక్కే నిష్పత్తి, అంటే కంప్రెషన్, పెట్రోల్ ఇంజన్‌లో 7కు 1 చుట్టూ ఉంటే డీజిల్‌లో 20కి 1 చుట్టూ ఉంటుంది, ఒక్కో సిలిండర్ పేలిన ప్రతిసారీ గేర్‌బాక్స్ మీద సుత్తి దెబ్బ పడినట్టే. తరవాత గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ అన్నీ మార్చాడు. ఇంజన్ కొన్న ధరకు రెట్టింపు మిగతా వాటికి అయిందని నవ్వుతూ చెప్పాడు కానీ ఆ నవ్వులో సంతోషం కనిపించలేదు.

మా బండి చల్లబడి పట్టుకున్నాక ఫర్హాబాద్ గేటు దాకా వెళ్లాం. లోపల వ్యూ పాయింటుకు అటవీశాఖ సఫారీ వాహనాల్లోనే వెళ్లాలి కనుక మా జీపు గేటు బయట నిలబడింది. 2611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున, ఆ నిశ్శబ్దంలో, పెట్రోల్ ఇంజన్ ఐడ్లింగు శబ్దం ఎంత మెత్తగా ఉందో అప్పుడే మొదటిసారి గమనించానేమో. కొండ దిగేటప్పుడు కాలు తీసేస్తే బండి తనంతట తాను పట్టుకుని దిగింది. డీజిల్‌లో గాలి దారిని మూసే థ్రాటిల్ మూత ఉండదు, నొక్కిన గాలి మళ్లీ పిస్టన్‌ను తోస్తుంది కనుక ఈ పట్టు అంతగా ఉండదని, లో గేర్ వేసి దిగడం నేర్చుకోవాలని బామ్మర్ది హెచ్చరించాడు.

తిరుగు ప్రయాణంలో ఎంపిక దాదాపు తేలిపోయింది. ఇంటర్నేషనల్ నా దారికి నెమ్మది, డీఐ నా గేర్‌బాక్స్‌కు బరువు. ప్యూజో అయితే 5.38 డిఫరెన్షియల్‌నూ టీ-90నూ ముట్టుకోకుండా 60 వేగంలో తీరికగా నడుస్తుంది. తేలనిది కాగితాల సంగతి. ఆర్సీలో ఇంజన్ నంబరుతో పాటు ఇంధనం పెట్రోల్ అని రాసి ఉంది, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు, రవాణాశాఖ అనుమతి ముందు చేతికి రావాలి. పైగా 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. మా జీపుకు ఆ వయసు వచ్చింది. డీజిల్ ఎక్కిన రోజు ఆ అర్హత పోతుంది. వింటేజ్ బండిని రోజువారీ పనులకు తిప్పడానికి వీల్లేదు కనుక నాకు ఆ నంబరు పలక మీద మోజు లేదు. అయినా నాన్న కొన్న ఇంజన్‌ను పాత ఇనుముకు అమ్మడానికి చేయి రాదు. దాన్ని దించితే నూనె పట్టించి, పరదా కప్పి, ఇంట్లోనే ఉంచుతానని బామ్మర్దికి చెప్పాను.

అచ్చంపేటలో మళ్లీ ఆగాం. అనుమతి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వనని చెబితే మేస్త్రి ఏమీ అనుకోలేదు. సుద్దముక్క తీసి ప్యూజో బ్లాకు మీద ‘నల్లగొండ’ అని రాసి, వర్షాకాలం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు.