ఏడున్నరకు అందరి కంచాలూ: నా అనుభవం

శ్రీకాకుళంలో మా ఇంట్లో రాత్రి భోజనం మూడు విడతలుగా జరిగేది. ఆరున్నరకు పిల్లలు, ఎనిమిదిన్నరకు మామయ్యగారు, మా ఆయన, వాళ్లది అయ్యాక అత్తయ్య, నేను. పాపకు అప్పుడు నాలుగున్నరేళ్లు, బాబుకు రెండున్నర. పాప తినేవన్నీ తెల్లటివే. ఇడ్లీ, పెరుగన్నం, అటుకులు, పాలు. అన్నంలో ఒక్క కరివేపాకు తునక కనిపించినా కంచం పక్కకు తోసేసేది. బాబుకు సీసాలో పాలుంటే చాలు. ముద్ద నోటిదాకా వెళ్లేసరికి తల తిప్పేసేవాడు. ఫోనులో బొమ్మలు పెట్టి, మేడ మీదికి ఎక్కించి, వీధిలో ఆవును చూపించి నాలుగు ముద్దలు పెట్టేసరికి గంట గడిచిపోయేది.

ఇలాంటి ఇళ్లు మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి. అందుకే మా ఇంట్లో ఈ వ్యవహారం ఎలా దారిన పడిందో వివరంగా రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. పిల్లల తిండి కంటే ముందు మా పెద్దవాళ్ల భోజనం వేళ మారింది. మిగిలినవన్నీ దాని వెనకే వచ్చాయి.

బాబుకు దగ్గు ఎక్కువైతే పిల్లల డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లి, పనిలో పనిగా ఆకలి పుట్టే టానిక్ ఏదైనా రాయమని అడిగాను. ఆవిడ టానిక్ రాయలేదు. ఇద్దరినీ తూచి, ఎత్తు కొలిచి, ఎదుగుదల చార్టు మీద చుక్కలు పెట్టి చూపించారు. రెండు చుక్కలూ ఉండవలసిన చోటే ఉన్నాయి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది, పది కిలోలవుతాడు. రెండేళ్లు దాటాక ఏడాదికి పెరిగేది సుమారు రెండు కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుందని, రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు కొత్త రుచిని అనుమానించడం సహజమేనని చెప్పారు. ఆ మాటతోనే నా గుండెల మీది బరువు సగం దిగింది.

తర్వాత అడిగిన ప్రశ్నలే అసలైనవి. బాబు రోజుకు ఎన్ని పాలు తాగుతాడు? దాదాపు లీటరు. పాలలో ఇనుము లేనట్టే లెక్క, పైగా కడుపు నింపేస్తాయి, రోజుకు అర లీటరు మించనివ్వకండి అన్నారు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. ఆ వయసుకు కనీసం 11 ఉండాలి. కొన్నాళ్లకు ఐరన్ చుక్కల మందు రాసి, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించారా అని కూడా ఆరా తీశారు. భోజనానికి ముందు చివరిసారి ఏం తింటారు? ఆరింటికి బిస్కెట్లు, పాలు. ఎవరితో కలిసి తింటారు? వాళ్లిద్దరే, నేను తినిపిస్తాను అన్నాను.

"అయితే మీరు వంకాయ కూర తింటుండగా మీ పాప ఎప్పుడైనా చూసిందా?" అన్నారావిడ.

ఆలోచిస్తే, చూసే అవకాశమే లేదు. మేం కంచాల ముందు కూర్చునే వేళకు పిల్లలు నిద్రలో ఉంటారు.

అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు 1980లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి ఆవిడ వివరించారు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పెద్దల పని. పెట్టినవాటిలో ఏది తినాలి, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ మన ఇళ్లలో రెండో సగం అంత సులువుగా మింగుడు పడదు, ఎందుకంటే బిడ్డకు దగ్గరుండి తినిపించడమే మనకు ప్రేమ.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మొదటి అభ్యంతరం పిల్లల నుంచి రాలేదు. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో పనిచేస్తారు. జనరల్ షిఫ్టు వారం బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. టీ తాగి, స్నానం చేసి, కాసేపు నడుం వాల్చాక గాని అన్నం జోలికి వెళ్లరు. మామయ్యగారికి ఏడున్నరకు వార్తలు తప్పనిసరి. అన్నిటికంటే పెద్ద చిక్కు అత్తయ్యది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ మగవాళ్లు తిన్నాకే తిన్నారు.

"అందరం కూర్చుంటే వడ్డించేదెవరమ్మా?" అన్నారు.

"గిన్నెలు మధ్యలో పెట్టుకుందాం అత్తయ్యా. ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు" అన్నాను.

ఆవిడ ఏమీ అనకుండా బాబు రక్తపరీక్ష కాగితం మళ్లీ ఇమ్మన్నారు. అంకె చూసి, "వాడికి రక్తం పడుతుందంటే కూర్చుంటాను" అన్నారు. ఆవిడ కూర్చుంటానన్నాక మామయ్యగారు తమంతట తామే టీవీ కట్టేశారు. మా ఆయన ఇంటికొచ్చాక తాగే టీ మానుకున్నారు. ఏడున్నర ఖాయమైంది. రెండో షిఫ్టు వారాల్లో ఆయన లేకుండానే కూర్చోవాలన్నది కూడా అప్పుడే అనుకున్నాం.

ఆకలి లేని పిల్లల ముందు ఏం పెట్టినా దండగే కనుక సాయంత్రాన్ని సరిచేశాను. నాలుగున్నరకు కడుపునిండా ఏదో ఒకటి పెట్టడం, ఐదున్నర దాటాక మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకపోవడం. పాలు ఉదయం ఒకసారి, సాయంత్రం ఆ నాలుగున్నరకే ఒకసారి, అదీ గ్లాసులో. సీసా మానిపించిన రోజులు చాలా కష్టంగా గడిచాయి, రాత్రిళ్లు లేచి ఏడ్చేవాడు. పాలు తగ్గిస్తే ఎముకలు ఏమవుతాయని అత్తయ్య బెంగపడ్డారు. ఆ బెంగ తీర్చింది చోడిపిండే, అంటే రాగిపిండి. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అదే కొలత ఆవుపాలలో 120 దగ్గర. చిన్నప్పుడు పొలం వెళ్లే ముందు చోడి అంబలి తాగిన మనిషి ఆవిడ. మనవలకు బెల్లం వేసి చోడిజావ కాచే పని తనే తీసుకున్నారు. జావ వద్దన్న రోజు ఉడికించిన చిలగడదుంప, కాలం వచ్చినప్పుడు ఉప్పేసి ఉడికించిన కందికాయలు. కందికాయలు వలుచుకు తినడం ఇద్దరికీ ఎంత ఇష్టమైందంటే, బిస్కెట్ల ప్యాకెట్ గురించి అడగడమే మానేశారు.

వంట విషయంలో పిల్లలకు వేరే కూర చేయడం పూర్తిగా మానేశాను. కానీ మధ్యలో పెట్టిన గిన్నెల్లో వాళ్లకు తెలిసినది ఒక్కటైనా ఉండేలా చూసుకున్నాను. పెరుగో, ముద్దపప్పో, చారో. దాంతో ఏ రాత్రీ ఎవరూ ఆకలితో పడుకోలేదు, నేనూ నిశ్చింతగా ఉండగలిగాను.

మన వైపు వంటలో ఒక వెసులుబాటు ఉంది, దాన్ని అందరూ వాడుకోవాలని నా కోరిక. అరటికాయ, పనసపొట్టు, కంద బచ్చలి, ఏది ఆవ పెట్టి చేసినా ఆవముద్దను కూర దించాకే కలుపుతాం. కలపకముందే పిల్లలకు ఒక గరిటెడు తీసి పక్కన పెడితే అది వాళ్ల కూర, మిగిలింది మన కూర. కూర ఒకటే, ఘాటు మాత్రం వేరు. వేపుడైతే కారం చల్లే ముందే కొంచెం తీసిపెడతాను. ముక్కల పులుసులో బెల్లం ఎలాగూ వేస్తాం, గుమ్మడికాయ ముక్కకు ఆ తీపి పట్టాక పిల్లలు దాన్ని పెద్దగా ఎదిరించరు. ఆకుకూర పప్పులో చివర నిమ్మరసం పిండుతున్నాను. పులుపు ఉంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పాలను భోజనానికి దూరంగా జరపడంలోనూ ఇదే లెక్క, భోజనంతో పాటు పాలు తాగితే ఇనుము సరిగా ఒంటపట్టదు.

అన్నిటికంటే కష్టమైనది మాట్లాడకుండా ఉండటం. చాప మీద అందరం కూర్చున్నాం, పిల్లల ముందు వాళ్ల చిన్న కంచాలు పెట్టాం, బాబు కింద పాత చీర మడత పరిచాం. పాప పెరుగన్నం మాత్రమే తింది. బాబు మెతుకులు చాప మీద పేర్చాడు. "రెండు ముద్దలు తిను తల్లీ" అనే మాట మామయ్యగారి నోటి చివరిదాకా వచ్చి ఆగడం నాకు కనిపిస్తూనే ఉంది. తింటే చాక్లెట్ అనడం లేదు, తినకపోతే పోలీసు అనడం లేదు, మంచి పాప అని మెచ్చుకోవడమూ లేదు. తిండి గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడుకోవాలన్నదే నియమం. మామయ్యగారు తన చిన్నతనంలో వంశధార వరదల గురించి చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు వింటూ వింటూ కూర్చునేవారు. ఇరవై నిమిషాలకు ఎవరికి లేవాలనిపిస్తే వాళ్లు లేవచ్చు.

ఎంత బలవంతం చేస్తే ఆ పదార్థం మీద అంత విముఖత పెరుగుతుందని, బహుమతిగా చూపించిన చాక్లెట్ మరింత ఇష్టమవుతుందని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. కొత్త కూరను పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూడవలసి రావచ్చు. మనం రెండో మూడోసారికే "దానికి బీరకాయ పడదు" అని తీర్పు చెప్పేస్తాం.

మా పాప బీరకాయ కథే చెబుతాను. మొదట్లో కూర గిన్నె తనకు దగ్గరగా ఉంటే జరిపించేది. తర్వాత కంచం అంచున ఒక ముక్క ఉండనిచ్చింది, కాకపోతే అది అన్నానికి తగలకూడదు. కొన్ని వారాలకు వేలితో నొక్కి చూసింది, మెత్తగా ఉందని చెయ్యి గౌనుకు తుడుచుకుంది. ఒక రాత్రి వాసన చూసి, నాలుక చివర తగిలించి, మళ్లీ అంచునే పెట్టింది. ఎవరూ పలకలేదు. ఇంకోసారి నోట్లో పెట్టుకుని నమిలి ఉమ్మేసింది. ఉమ్మడానికి పక్కన చిన్న గిన్నె పెట్టాను, దానికి భయం తగ్గినట్టనిపించింది. చివరికి అత్తయ్య తన కంచంలో బీరకాయ కూర మీద నువ్వులపొడి చల్లుకుంటుంటే చూసి, "నానమ్మా, నాకూ పొడి" అంది. పొడి కోసం వేసుకున్న కూర పొడితో పాటే లోపలికి వెళ్లింది. నేను అంతవరకూ ఊపిరి బిగబట్టి పప్పన్నం కలుపుతూనే ఉన్నాను.

బాబు దారి వేరు. వాడికి చేతులతో పని ఉండాలి. మునగాకు దూయడం, ఉడికిన పప్పును పప్పుగుత్తితో మెదపడం వాడికి అప్పగించాను. తను మెదిపిన పప్పు అని అందరి కంచాల్లోనూ వడ్డించమనేవాడు, తన కంచంలో కూడా. చేప వండిన రోజు మామయ్యగారు చందువ ముళ్లు ఒక్కొక్కటీ తీసి తన కంచంలో పెట్టుకునేవారు, వాడు అక్కడి నుంచి తీసుకుని తినేవాడు. ఇవ్వకుండా వాడే తీసుకోవడంలో ఉన్న మహిమ నాకు అప్పుడే అర్థమైంది.

నడక సాఫీగా సాగలేదు. జ్వరాలు వస్తే రెండు వారాల దారి వెనక్కి పోయేది. ఒంట్లో బాగాలేని పిల్లలకు నేను గోరుముద్దలే పెట్టాను, జావే తాగించాను, తగ్గాక మళ్లీ చాప మీదికి వచ్చాం. సంక్రాంతికి నరసన్నపేట దగ్గర మా ఊరు వెళితే, చుట్టాలందరూ పిల్ల చిక్కిపోయిందని మందలించి నోట్లో అరిసెలు కుక్కారు. అక్కడ వాదించలేదు. పండగ పండగే. ఇంటికొచ్చిన రాత్రే మళ్లీ ఏడున్నరకు కూర్చున్నాం.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పి తీరాలి. పుట్టింటివాళ్లు పలాస నుంచి జీడిపప్పు పంపుతుంటారు. దాన్ని పొడి చేసి జావలోనో పప్పులోనో కలుపుతాను. జీడిపప్పు, వేరుశనగ గుళ్లు, శనగలు గింజలుగా చిన్నపిల్లల చేతికివ్వకూడదు, గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇక రెండోది. బరువు తగ్గుతున్నా, తినేటప్పుడు ప్రతిసారీ పొలమారుతున్నా, వాంతి చేసుకుంటున్నా, నిన్నటిదాకా తిన్నవి కూడా ఒక్కొక్కటిగా మానేస్తున్నా అది మారాం కాదు. చాపలూ కంచాలూ తర్వాత, ముందు డాక్టరుకు చూపించాలి. మా పిల్లల్లో ఆ లక్షణాలు లేవు కనుకే ఇంత ఓపిక పట్టగలిగాం.

మళ్లీ పరీక్ష చేయిస్తే బాబు హిమోగ్లోబిన్ 11 దాటింది. అందులో చుక్కల మందు వాటా ఎంతో, మునగాకు పప్పు వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. పాప ఇప్పుడు బీరకాయ, ఆనపకాయ, గుమ్మడికాయ, తోటకూర పప్పు తింటుంది. వంకాయను ఇప్పటికీ ఒప్పుకోలేదు, కాకరకాయ సంగతి సరేసరి. వాటిని వండటం ఆపలేదు, ఒక ముక్క అంచున పెట్టడమూ ఆపలేదు. ఫోను భోజనాల వేళ వంటింటి అల్మరాలో ఉంటుంది, మా ఆయనదీ నాదీ కూడా.

ఆయనకు రెండో షిఫ్టు పడిన వారాల్లో ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండవుతుంది. ఆ వారాల్లోనూ అత్తయ్య ఏడున్నరకే మనవల మధ్య కూర్చుని భోంచేస్తున్నారు. ఆయన వచ్చాక నేను లేచి అన్నం వేడి చేస్తాను.