కనుమ నాడు కదిలిన కాకి

నాన్నగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అందుకని ఇంట్లో సంక్రాంతి లేదు. వీధిలో అందరి వాకిళ్లలో ముగ్గులు వేస్తారు, మా వాకిలి ఉత్త కళ్లాపితో మిగిలిపోతుంది. ఆ మూడు రోజులూ అమ్మ అరుగు మీద కూర్చుని ఎదురింటి ముగ్గులు చూస్తూ ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. "హైదరాబాద్ వెళ్దామా? సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలని ఎప్పటి నుంచో అంటున్నావు కదా" అన్నాను. ఏదో ఒక అభ్యంతరం చెబుతుందనుకున్నాను. "ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకు రైలు టికెట్టు సంపాదించడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. మేము వెళ్లేది ఎదురు దిశలో. రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పెట్టెలో సగం బెర్తులు ఖాళీ. అవతలి ప్లాట్‌ఫారం మీద మాత్రం సంచులతో, పిల్లలతో దిగుతున్న జనం. రైళ్లకు వర్తించే లెక్క గదులకూ వర్తిస్తుందని నాకు అంతకు వారం ముందే తట్టింది. నేను రైసుమిల్లులో పద్దులు రాసే మనిషిని. ఇలాంటివి తడితే ఇక నిద్ర పట్టదు.

హైటెక్ సిటీ, రాయదుర్గం చుట్టుపక్కల హోటళ్లు కంపెనీల పని మీద వచ్చేవాళ్ల మీద బతుకుతాయి. సోమవారం నుంచి గురువారం దాకా అక్కడ గదులకు గిరాకీ. శని, ఆదివారాల్లో ధర దిగుతుంది. పండక్కి కంప్యూటర్ ఉద్యోగులంతా ఊళ్లకు పోయినప్పుడు ఇంకా దిగుతుంది. అదే హోటల్లో అదే గది, పండుగ తరవాతి మంగళవారానికి 5,400 చూపిస్తోంది. భోగి రాత్రికి 2,899. మంచం అదే, కిటికీ అదే. పైగా మూఢమి నడుస్తోంది కాబట్టి పెళ్లిళ్లు లేవు. ముహూర్తాల రోజుల్లో అయితే పెళ్లివారే అంతస్తులకు అంతస్తులు తీసేసుకుంటారు. హోటల్ వెతికే ముందు పంచాంగం చూడమని ఏ యాప్ కూడా చెప్పదు.

2,899 అనేది మొదటి తెర మీద మాట. చివరి తెరకు వచ్చేసరికి పన్ను 145, కన్వీనియన్స్ ఫీజు 199 కలిసి 3,243 అయింది. పన్ను సంగతి అర్థమైంది. రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. అది దాటితే 18 శాతం. అంటే 7,500 గదికి చేతి నుంచి పోయేది 7,875, 7,600 గదికి 8,968. వంద రూపాయల తేడాకు వెయ్యీ తొంభైమూడు! అంత గదిలో నేనెలాగూ దిగను గాని, ఈ లెక్క మా ఆవిడకు వినిపించి తీరాను.

ఆ 199 మాత్రం మింగుడుపడలేదు. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. వెతికితే ఎక్కడెక్కడో కనిపించే నంబర్లకు చేయకూడదు, హోటల్ పేరుతో డబ్బు గుంజే దొంగ నంబర్లు చాలా ఉన్నాయి.

"యాప్‌లో ఎంత చూపిస్తోంది సార్?" అన్నాడు అవతలి అబ్బాయి.

"అన్నీ కలిపి 3,243."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. కీబోర్డు చప్పుడు వినిపించింది. "అందులో ఐదో వంతు దాకా మాకు రాదు సార్. మీరు నేరుగా వస్తే 2,600, పన్ను వేరే. ముగ్గురికీ టిఫిన్ ఇందులోనే. మూడో మంచం వేయిస్తాను."

"మా రైలు తెల్లవారకముందే దిగుతుంది. మీరు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి కదా?"

"ఎనిమిదింటికి రండి సార్. హోటలంతా ఖాళీయే."

ఈ చివరి మాట విలువే ఎక్కువ. సగం రోజు అద్దె అడగవలసిన చోట ఊరికే ఇచ్చాడు. ఒప్పుకున్నవన్నీ వాట్సాప్‌లో రాసి పంపమన్నాను. రెండు నిమిషాల్లో పంపాడు. ఒక్క రాత్రి డబ్బు మాత్రం ముందుగా యూపీఐలో కట్టాను, అదీ తెర మీద వచ్చిన పేరు హోటల్ పేరేనా అని చూసుకున్న తరవాత.

సికింద్రాబాద్‌లో దిగి, ఆరింటికి మొదలయ్యే మెట్రో కోసం టీ తాగుతూ కూర్చున్నాం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కితే మారకుండా రాయదుర్గం దాకా ఒకటే రైలు. ఏడుంపావుకే చేరిపోయాం, గదీ ఇచ్చారు. ఏడో అంతస్తు. కిటికీ ముందు పెద్ద అద్దాల భవనం, దాని పార్కింగ్‌లో ఒక్క కారు లేదు, కాపలావాడు కుర్చీ ఎండలోకి జరుపుకుని కూర్చున్నాడు. ఆ వెనక అపార్టుమెంట్ల మీద గాలిపటాలు. అమ్మ చాలాసేపు వాటినే చూసింది.

టిఫిన్ లెక్క మాత్రం తప్పింది. బల్ల పొడవునా ఇరవై రకాలు పెట్టారు. అమ్మ రెండు ఇడ్లీలు, కాస్త పెరుగు తిని లేచింది. "ఇంకేమైనా తినమ్మా, డబ్బులిచ్చాం" అంటే, "నాకు ఆకలి వేయాలిగా" అంది. ఆ మధ్యాహ్నం గోల్కొండ వెళ్లాం. కొట్టిన చప్పుడు కోట పైదాకా వినిపిస్తుందనే బాలాహిసార్ దర్వాజా కింద అమ్మ చప్పట్లు కొట్టి, పైదాకా ఎక్కనంది. మా ఆవిడా నేనూ ఎక్కాం. సంక్రాంతి రోజు గదిలో పడుకున్నాం, సాయంత్రం హుస్సేన్‌సాగర్ గట్టున తిరిగాం.

మూడో రోజు తకరారు వచ్చింది. కనుమ రోజున, మ్యూజియం ఉన్న పాతబస్తీకి దగ్గరగా లక్డీకాపూల్‌లోని ఒక లాడ్జికి మారాలని నా ప్రణాళిక. అక్కడ లాడ్జి కౌంటర్ ధర 1,800. యాప్‌లో బ్యాంకు కార్డు తగ్గింపుతో 1,620. మేనేజరే "యాప్‌లోనే వేసుకోండి సార్, మీకే లాభం" అన్నాడు. కాబట్టి నేరుగా అడిగితే ఎప్పుడూ తక్కువే అనుకోవడం కూడా పొరపాటే, రెండూ చూడాలి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రద్దు చేసుకునే వీలు లేకుండా తీసుకుంటే 1,500 అని పక్కనే ఉంది. రాత్రికి 120, రెండు రాత్రులకు 240 మిగులుతాయి కదా అని అది నొక్కాను.

పొద్దున్నే సంచి సర్దుతుంటే అమ్మ అంది: "ఈ రోజు కనుమ రా. కనుమ నాడు కాకి కూడా కదలదు."

"పండుగ లేదు కదమ్మా మనకు."

"పండుగ లేదు. కనుమ ఉంది."

దీనికి జవాబు లేదు. పైగా ఆ రోజు శుక్రవారం, మ్యూజియానికి సెలవు. రిసెప్షన్ అబ్బాయి ఇంకో రాత్రికి 2,400కే ఇస్తానన్నాడు. లాడ్జికి ఫోన్ చేసి బుకింగ్ ఒక రోజు తరవాతకు జరపమన్నాను. "నాకు అభ్యంతరం లేదు సార్, గది ఉంది. కానీ యాప్‌లో మారాలి. వాళ్ల నుంచి డబ్బు నాకు ఇంకా రాలేదు" అన్నాడు. యాప్ వాళ్ల లైన్‌లో అరగంట సంగీతం విన్న తరవాత, కుదరదన్నారు. అంతటితో పోలేదు. మొదటి రాత్రి రాకపోతే రాలేదని రాసేసి, రెండో రాత్రి గది కూడా తీసేస్తారట.

అంటే 1,500 పోవడం ఖాయం, ఇంకో 1,500 కాపాడుకోవాలంటే ఎవరో ఒకరు వెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టాలి. సాయంత్రం నేనొక్కడినే చిన్న సంచితో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగాను. పేరుకు అర్థం చెక్క వంతెన. చెక్కా లేదు, వంతెనా కనిపించలేదు. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరుగుతోంది కాబట్టి రోడ్డంతా జనం.

కౌంటర్‌లో మర్నాటి రాత్రికి అమ్మకు మంచం వేయమని చెప్పాను. కౌంటర్‌లోని మనిషి 400కు బిల్లు రాసి, దాని కింద 12 శాతం పన్ను అని 48 వేశాడు. "ఐదు శాతమే బాబూ" అన్నాను. వెనక గోడకు అంటించిన పాత ధరల పట్టిక వైపు చూపించాడు. ఫోన్ తీసి సెప్టెంబర్ మార్పు చూపించాను. నా వెనక ఒక కుర్రాడు వీపున సంచి మార్చుకుంటూ నిలబడ్డాడు. కౌంటర్‌లోని మనిషి ఆ 48 కొట్టివేసి మళ్లీ రాశాడు: 20. ఇరవై ఎనిమిది రూపాయలు వెనక్కి వచ్చాయి. 1,500 పోగొట్టుకున్న మనిషిని నేనేనని అతనికి తెలియదు.

గదిలో మూడు దిండ్లు, రెండు తువ్వాళ్లు, ఇద్దరికి సరిపడా సబ్బులు. గీజర్ పక్కన "వేడినీళ్లు ఉదయం 6 నుంచి 9 వరకు" అన్న కాగితం. నాన్నగారు ఆఫీసు పని మీద ఈ ఊరు వచ్చినప్పుడు ఇక్కడే ఎక్కడో పెద్ద హాలులో పది మంచాల్లో ఒకటి తీసుకుని, సంచి తలకింద పెట్టుకుని పడుకునేవారట. ఎంత ఇచ్చేవారో ఎప్పుడూ అడగలేదు.

తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"తిన్నాను. బయట, ఇడ్లీ."

"గది ఎలా ఉంది?"

"బాగానే ఉంది. పెద్దది."

"దిండ్లు ఎన్ని ఇచ్చారు?"

"మూడు."

"మూడూ వేసుకుని పడుకో. డబ్బులిచ్చాం."