నాన్న బస్సులో వెళ్లిన దారి

మూడో రోజు మధ్యాహ్నం శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ ముందు స్కేట్‌బోర్డు దిగాను. ఇచ్ఛాపురం నుంచి 130 కిలోమీటర్ల పైమాటే. కుడి బూటు అడుగు అరిగిపోయి రోడ్డు వేడి సాక్సులోంచి తగులుతోంది. వెనకాలే బైకు మీద ఎర్రజెండా కట్టుకుని వచ్చిన మావయ్య బండి ఆపి, నోట మాట రాక నా తల నిమిరాడు.

మాది ఉద్దానం ప్రాంతం, కవిటి మండలంలో ఒక ఊరు. కొబ్బరి, జీడి, పనస తోటలు. మా వీధిలో కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతకాలి. ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు చేస్తున్నా, దీనికి కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. నాన్నకి డయాలసిస్ మొదలైనప్పుడు నేను ఏడో తరగతి. అప్పట్లో ఆయన శ్రీకాకుళం దాకా బస్సులో వెళ్లేవాడు. నాలుగు గంటలు మెషీన్ మీద, రానూపోనూ ఏడు గంటలు బస్సులో. ఒకరోజు గడిచేసరికి మళ్లీ ప్రయాణం. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు కాబట్టి, జనం తగలకుండా ఎడమవైపు కిటికీ సీటు కోసం కాంప్లెక్సులో గంట ముందే వెళ్లి నిలబడేవాడట. ఆ చేతి మీద వేలు ఆనిస్తే లోపల రక్తం జుయ్యిమని పారడం తెలిసేది. రాత్రిళ్లు ఆ చెయ్యి పట్టుకుని పడుకునేవాణ్ని.

డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల కోసం విరాళాలు అడుగుతూ, నాన్న తిరిగిన దారిలో స్కేట్‌బోర్డు మీద వెళ్లాలన్న ఆలోచన ఎలా వచ్చిందని చాలామంది అడిగారు. డేవ్ కార్న్‌త్‌వైట్ అనే బ్రిటిష్ యువకుడు 2006లో ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి బయల్దేరి, 5,800 కిలోమీటర్లు లాంగ్‌బోర్డు తొక్కి, 2007 జనవరిలో బ్రిస్బేన్ చేరాడు. ఆయన విరాళాలు సేకరించిన సంస్థల్లో లోవ్ సిండ్రోమ్ ట్రస్టు ఒకటి. ఆ జబ్బేమిటా అని చూశాను. పుట్టుకతో, ఎక్కువగా మగపిల్లలకి వస్తుంది. కళ్లు, మెదడు, కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీలు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

మామూలు స్కేట్‌బోర్డు చక్రాలు చిన్నవి, గట్టివి. చిన్న రాయి అడ్డొచ్చినా బోర్డు ఆగిపోతుంది, మనిషి ముందుకి పడతాడు. లాంగ్‌బోర్డు చక్రాలు పెద్దవి, మెత్తవి, రాళ్ల మీంచి దొర్లిపోతాయి. ఎడమకాలితో తొయ్యడం నేర్చుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. కాళ్లు మార్చుకోకపోతే పది కిలోమీటర్లకే నిలబడ్డ కాలి పిక్క పట్టేస్తుంది.

సంక్రాంతి వెళ్లాక తెల్లవారుజామున బయల్దేరాం. ఉత్తరపు గాలి వీపు మీద తోస్తోంది. సర్వీస్ రోడ్డు ఉన్నచోట దాని మీద, లేనిచోట తెల్లగీత బయట. కంచిలి దగ్గర టీకొట్టు పెద్దాయన "ఏటి బాబూ ఈ చెక్కబండి, ఎంతదాకా ఎల్తావు?" అన్నాడు. సంగతి చెప్పాను. టీకి డబ్బులు తీసుకోలేదు. తన చేతి ఫిస్టులా చూపించి, "ముట్టుకో" అన్నాడు. ముట్టుకున్నాను. అదే జుయ్యి. చాలాసేపు బోర్డు ఎక్కలేకపోయాను.

పలాసలో మొదటి రాత్రి. అక్కడ 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. నాన్న ఉన్నప్పుడు ఇవి లేవు. టెక్కలి దాటాక ఇసుక మీద చక్రం జారి పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది, కట్టు కట్టుకుని సాగాం.

మూడో రోజు మడపాం వంతెన మీద ఆగి నీళ్లు తాగాను. సీసాడూ గడగడా ఒకేసారి. నాన్నకి రోజంతటికీ కొలిచిన నీళ్లే. ఎండాకాలంలో అమ్మ గ్లాసులో మూడు ముక్కలు ఐసు వేసి ఇస్తే, ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కింద వంశధార పారుతోంది. ఇప్పుడు మా ఉద్దానానికి హిరమండలం నుంచి పైపుల్లో వచ్చేది ఈ నది నీళ్లే. వంతెన మీద అతుకుల దగ్గర బోర్డు దిగి నడవాలి. నేను ఆ వంతెన మొత్తం నడిచే దాటాను.

మొత్తం మూడు రోజులు, ఆరోగ్యంగా ఉన్న కాళ్లతో, ఒక్కసారి. నాన్న అదే దారిలో వాంతులు ఆపుకుంటూ రెండేళ్లు తిరిగాడు. నాకు చప్పట్లు కొట్టినవాళ్లందరికీ ఈ మాటే చెప్పాను.

తిరుగు ప్రయాణం బస్సులోనే. బోర్డు ఒళ్లో పెట్టుకుని ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.

వచ్చిన విరాళాలు మా ఊరి నుంచి సోంపేట డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల ఆటో ఖర్చుకి. మొన్న సోమవారం పొద్దున్నే ఆటో వచ్చింది. పక్కింటి అత్త ఎక్కి, కొంగుముడి విప్పి డబ్బులు తియ్యబోయింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇచ్చీసినారత్తా, కూకో" అన్నాడు.