ఆసుపత్రిలో నా మాత్ర నా టైముకే

హెర్నియా ఆపరేషన్ అనగానే ఇంట్లో వాళ్లకు కోత గురించి టెన్షన్ పట్టుకుంది. నాకు మాత్రల గురించి. నాకు పార్కిన్సన్స్ ఉంది, అంటే ఒంటి కదలికలు మందగించే మెదడు జబ్బు. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రను పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా నాలుగేసి గంటలకోసారి వేసుకోవాలి. అరగంట ఆలస్యమైతే అడుగు పడదు, మాట గొంతు దాటదు, చొక్కా గుండీ పెట్టుకోలేను. ఉన్నట్టుండి పూర్తిగా మానేస్తే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆసుపత్రుల్లోనేమో మందులంటే మూడు పూటలే.

నేను నల్లగొండ డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఈ జబ్బు మొదట బయటపడింది నా ఎస్సార్ కాగితం మీదే, అంటే కండక్టరు టికెట్ల లెక్క రాసే కాగితం. రానురాను అంకెలు చిన్నగా అయిపోతుంటే "భూతద్దం కూడా నువ్వే తెచ్చియ్యి అన్నా" అనేవాడు క్యాష్ కౌంటర్‌లో అతను. చేతిరాత చిన్నదైపోవడం ఈ జబ్బు లక్షణమే. నాకు వణుకు తక్కువ. అందుకే "వణకట్లేదు కదా, నీకేం పార్కిన్సన్స్?" అని చదువుకున్నవాళ్లూ అడుగుతారు. అందరికీ వణుకు ఉండాలని లేదు.

ఆపరేషన్‌కు ముందు హైదరాబాద్ వెళ్లి న్యూరాలజిస్టును కలిశాం. ఆయన మంచి డాక్టరే గానీ, ప్రశ్నలన్నీ మా అబ్బాయిని అడుగుతున్నారు. "నాన్నగారు నిద్రపోతున్నారా? మోషన్ అవుతోందా?" నేను పక్కనే ఉన్నాను. "సార్, నన్నే అడగండి. జర లేటుగా చెప్త గని, సరిగ్గ చెప్త" అన్నాను. ఆయన నవ్వి కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. అప్పటికే నాకు కావలసింది రాసి పెట్టుకున్నాను. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ టైముకు అన్నది లెటర్‌హెడ్ మీద కావాలి. నాకు ఇవ్వకూడని మందులు కూడా దాని మీదే ఉండాలి. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్, హాలోపెరిడాల్ అని ఎర్ర ఇంకుతో రాసిచ్చారు. మొదటి రెండూ వాంతులకు వాడేవి, మూడోది మనిషి కలవరపడితే ఇచ్చేది. మూడూ మెదడులో డోపమైన్ అనే, కదలికలను నడిపే రసాయనం పనిని అడ్డుకుంటాయి. నేను మాత్ర మింగేదే ఆ డోపమైన్ కోసం. వాంతులైతే ఒండాన్‌సెట్రాన్ ఇవ్వవచ్చని కింద రాశారు.

ఆపరేషన్ నల్లగొండలోనే, క్లాక్‌టవర్‌కు దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. చేరగానే సిస్టర్ మాత్రల డబ్బా తీసుకోబోయింది. పేషెంట్ల దగ్గర మందులు ఉండకూడదట. "టిఫిన్ తిన్నాక మేమే ఇస్తాం తాతా."

"తిన్నాక కాదు బిడ్డా, తినేకంటే అరగంట ముందు. గుడ్డు, పాలు, పప్పు కడుపుల పడ్డయంటే ఈ మందు సరిగ్గ ఒంటికి ఎక్కదు."

ఆ అమ్మాయి తప్పేం లేదు, ఒక్కతే వార్డంతా చూసుకుంటోంది. కానీ నేను డబ్బా వదల్లేదు. ఇన్‌చార్జి సిస్టర్ వచ్చి, లెటరు చదివి, ఐదు టైములూ కేస్‌షీట్‌లో ఎక్కించి, మాత్రలు మా ఆవిడ దగ్గరే ఉంచుకోమంది. లెటరు జిరాక్సు ఒకటి కేస్‌షీట్‌లో పెట్టించాను, ఇంకొకటి మంచం తలవైపు గోడకు అంటించాం.

రాత్రి పన్నెండు తర్వాత మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. మరి ఆరు గంటల మాత్ర? మత్తు డాక్టరుతో మాట్లాడాలని పట్టుబట్టాను. ఆయన వచ్చి ఐదు నిమిషాల్లో తేల్చేశారు. తిండి వేరు, రెండు గుటకల నీళ్లు వేరు. ఆరుకు మాత్ర వేసుకోవచ్చు, నన్నే మొదటి కేసుగా తీసుకుంటామన్నారు. ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, నడుముకు మత్తిచ్చి కానిచ్చేశారు.

అసలు గండం ఆ రాత్రి వచ్చింది. వికారం మొదలైంది. డ్యూటీ మారింది, కొత్త సిస్టర్ సిరంజిలో మందు ఎక్కించుకుని వచ్చేసింది. నాకు గొంతు పెగలడం లేదు, గోడ వైపు వేలు చూపించాను. మా ఆవిడ లేచి "ఏం ఇంజక్షన్ అది?" అంది. మెటోక్లోప్రమైడ్. ఆ సిస్టర్ కాగితం చదివి, మాట్లాడకుండా వెనక్కి వెళ్లి, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి వేరే మందు తెచ్చింది. కోప్పడలేదు, ఆ మాట చెప్పాలి.

మర్నాడు ఆయాతో ఇంకో పేచీ. "పొద్దున బాత్రూంకు నడిచిండు, ఇప్పుడు లెవ్వమంటే లెవ్వడు, నాటకాలు" అని పక్క మంచం వాళ్లతో చెబుతోంది. మాత్ర పనిచేసేటప్పుడు నడుస్తాను, దిగిపోయాక కదల్లేను. రెండూ నేనే. పదికి మాత్ర పడి, కాసేపటికి లేచి ఆమె ముందే వరండాలో నడిచాను. తర్వాత ఆమే వచ్చి "తాతా, టైమైంది" అని గుర్తుచేసేది.

బ్రిటన్‌లో పార్కిన్సన్స్ రోగుల సంస్థ ఆసుపత్రుల్లో మాత్రలు టైముకు ఇవ్వాలని 2006 నుంచి ఉద్యమమే నడుపుతోందని మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. అక్కడా ఇదే బాధన్నమాట! మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ పేరు ఉంది. వార్డులో నాకు పనికొచ్చింది మాత్రం గోడ మీది జిరాక్సే.

డిశ్చార్జి కాగితం ఇచ్చారు. బిల్లు కట్టి వచ్చిన మా అబ్బాయి సంచులు సర్దేస్తున్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని చదివితే, పార్కిన్సన్స్ మాత్ర దగ్గర రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత అని ఉంది. కంప్యూటర్‌లో అలాగే వస్తుందట. "పెన్నుతో దిద్దిస్తాం లే అంకుల్" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. వద్దన్నాను. ఐదు టైములూ వేసి, కొత్తగా ప్రింట్ తీసి, డాక్టరు సంతకం పెట్టాకే ఆటో పిలవమన్నాను.